మెదడులోని చిక్కుముడి, దాని ప్రక్క బుడగ



సుపేలాలో మన తెలుగు కుటుంబముల నడుమ, ఆర్ట్సు పట్టభద్రుడనగు నేను వైద్యవిషయము ముచ్చటించుట కొందరికి వింతగా తోచవచ్చును. అయినను తలనొప్పి వచ్చినపుడు మొదటి నిర్ణయము చేయువారు వైద్యులు కారు, ఇంటివారే గదా!

మెదడులో రక్తము ధమనులనుండి సన్నని కేశనాళికల గుండా సిరలకు చేరవలెను. కొందరికి ఆ సన్ననాళములు లోపించి, ధమనులు నేరుగా సిరలలో కలిసి చిక్కుముడి పడును. దీనినే ఏ.వి.ఎం. అందురు. గోదావరి డెల్టావారికి నేను చెప్పనక్కరలేదు: కాలువనీరు బోదెలకెక్కక నేరుగా మురుగుకాలువలో పడినచో, ఆ వడికి పైగట్టు కోసుకొనిపోవును. అట్లే ముడికి రక్తము తెచ్చు ధమని గోడ ఒకచోట బుడగవలె ఉబ్బును. అది ఎన్యూరిజము. ఏ.వి.ఎం. గలవారిలో పదింట ఒకరికో ఇద్దరికో ఇట్టి ఉబ్బు కూడ కానవచ్చును.

రెండింటిలో దేనికి ముందు చికిత్స? ఏది చిట్లినదో దానికే యని వైద్యుల సాధారణ పద్ధతి. ఉబ్బు చిట్లినచో, 1937లో వాల్టర్ డాండీ చేసినట్లు దాని మెడకు క్లిప్పు బిగింతురు. లేదా తొడలోని ధమని గుండా ప్లాటినపు తీగచుట్టలను పంపి నింపుదురు. ముడిని కోసి తీయవచ్చును, జిగురువంటి మందుతో పూడ్చవచ్చును, చిన్నదైనచో కిరణములతో మూయవచ్చును. కిరణములు పనిచేయుటకు రెండు మూడేండ్లు పట్టును; అంతవరకు రక్తస్రావ భయము తొలగదు. కనుక చిట్లిన ఉబ్బును విడిచి వాటికై వేచియుండరాదు. ముడి పోయి వడి తగ్గిన పిమ్మట కొన్ని ఉబ్బులు తమంతట కుదించుకొనుటయు గలదు.

చిట్లని ముడుల విషయమున వైద్యులలోనే వాదము గలదు. 2014లో వెలువడిన అరూబా పరిశోధన వాటి జోలికి పోకుండుటయే మేలనెను. పరిశీలించినది కొద్దికాలమేయని పలువురు ఆక్షేపించిరి. నాకును ఆ ఆక్షేపణ సబబుగనే తోచుచున్నది.

1956లో విశాఖపట్టణమున డాక్టరు బాలపరమేశ్వరరావుగారు మెదడు శస్త్రచికిత్సా విభాగమును నెలకొల్పిరి. అందుచేతనో, సొంతవారున్నారనియో, జబ్బు పెద్దదనగానే రైలెక్కించి విశాఖకు పోవుదమను మాట మనవారి నోట వచ్చును. పిడుగు పడినట్లు తలనొప్పి, వాంతి, మెడ బిగుసుకొనుట, మూర్ఛ కనిపించినచో రైలు మాట తలపెట్టకుడు. చిట్లిన ఉబ్బు మరల చిట్లు భయము మొదటి ఇరువదినాలుగు గంటలలోనే హెచ్చు. పైత్యమనుచు శొంఠి పట్టువేసి తెల్లవారుదాక చూడరాదు; ఆస్పిరిను ఇయ్యరాదు. 108కి ఫోను చేసి, సి.టి. స్కాను గల దగ్గరి ఆసుపత్రికి చేర్పుడు. చిట్లక, మరియొక పనికై తీసిన స్కానులో బయటపడినదైనచో, ఫిలిములు చేతబట్టుకొని విశాఖకో హైదరాబాదుకో తీరికగా వెళ్ళి ఇంకొక వైద్యుని అభిప్రాయము గైకొనవచ్చును.