తోలడం ఎవరు నేర్పారు?



ఒక రాత్రి స్టడీ అవర్‌లో ఏడో తరగతి పాప అడిగింది: "మేడమ్, మొదటి విమానం చేసినాయనకు తోలడం ఎవరు నేర్పారు?" నిజమే, అప్పటికి తోలడం వచ్చినవాళ్లే లేరు కదా! బీఈడీ చదివినా ఆ రాత్రి మా దగ్గర జవాబు లేదు. తర్వాత పుస్తకాలు వెతికి పిల్లలకు చెప్పాం. అదే మీకూ చెబుతాం.

అమెరికాలో డేటన్ ఊళ్లో విల్బర్, ఆర్విల్ రైట్ అన్నదమ్ములు. వాళ్లది సైకిల్ షాపు. ఇద్దరూ కాలేజీ మొహం చూడలేదు. చెల్లెలు క్యాథరిన్ మాత్రం డిగ్రీ చదివి టీచరైంది. ఆ మాట చెప్పకుండా మేం ఉండలేం.

వాళ్లకంటే ముందు జర్మనీలో లిలియెన్‌తాల్ అనే ఆయన రెక్కలు కట్టుకుని గుట్టల మీంచి ఎగిరేవాడు. 1896లో పడి చనిపోయాడు. ఐదేళ్లలో ఆయన గాలిలో ఉన్నది మొత్తం కలిపితే ఐదు గంటలేనని అన్నదమ్ములు లెక్క కట్టారు. సైకిలైనా అంత కొద్ది సాధనతో వస్తుందా? అందుకే ముందు గాలిలో నిలదొక్కుకోవడం నేర్చుకుందాం, ఇంజిన్ సంగతి తర్వాత చూద్దాం అనుకున్నారు.

1900లో సముద్రం ఒడ్డున కిట్టీ హాక్ అనే చోటుకు వెళ్లారు. గాలి బాగా వీస్తుంది, పడినా ఇసుకే. ఇంజిన్ లేని గ్లైడర్‌ను ఎక్కువసార్లు తాడు కట్టి గాలిపటంలా ఎగరేశారు. పని అయ్యాక దాన్ని అక్కడే వదిలేస్తే, వాళ్లకు చోటిచ్చిన ఇంటి ఇల్లాలు రెక్కల గుడ్డ విప్పి తన ఆడపిల్లలకు గౌన్లు కుట్టింది. మా పిల్లలకు అన్నిటికంటే నచ్చింది ఆ గౌన్లే.

1901లో ఇంకా పెద్దది చేశారు. లెక్క ప్రకారం లేవాల్సినంత లేవలేదు. యాభై ఏళ్లయినా మనిషి ఎగరడని విల్బర్ తమ్ముడితో అన్నాడు. అయినా ఇంటికొచ్చి ఆరడుగుల చెక్కపెట్టెలోకి ఫ్యాన్‌తో గాలి కొట్టించి, వందకు పైగా చిన్న రెక్కల్ని పరీక్షించారు. తాము నమ్మిన పుస్తకాల అంకెల్లోనే తప్పుందని తేల్చుకున్నారు. 1902లో కొత్త గ్లైడర్‌తో ఇసుకదిబ్బ మీంచి వందలసార్లు దిగారు.

ఆ తర్వాతే ఇంజిన్. 1903 డిసెంబరు 14న విల్బర్ ముక్కు మరీ పైకెత్తాడు, మూడున్నర సెకన్లలో ఇసుకలో పడ్డాడు. బాగుచేసుకుని 17న ఆర్విల్ ఎగిరింది 12 సెకన్లు, 120 అడుగులు. అదే రోజు నాలుగోసారి విల్బర్ 59 సెకన్లు, 852 అడుగులు.

తమ్ముళ్లూ, ఇప్పుడు చెప్పేదానికి కోప్పడొద్దు. మా హాస్టల్ అమ్మాయి ఒకామె అన్న, పంతొమ్మిదేళ్లవాడు, వాయిదాల మీద బండి కొన్నాడు. గేర్లు వెయ్యడం ఒక్కరోజులో వచ్చింది. ఘాట్ మలుపులో బండి ఆపడం రాలేదు. వారం తిరక్కముందే, ముగ్గురెక్కిన బండి లోయలోకి పోయింది. మిగిలిన వాయిదాలు వాళ్ల నాన్న జీడిపిక్కలు అమ్మి కట్టాడు. ఆ అమ్మాయిని ఇంటికి పంపడానికి పెట్టె సర్దింది మేమే.

మా హాస్టల్ వెనక గ్రౌండు ఖాళీగా ఉంటుంది. పాతవే, రెండు సైకిళ్లున్నాయి, వాచ్‌మన్ అన్న స్కూటీ ఉంది. నేర్చుకోవాలనుకునేవాళ్లు ఆదివారం పొద్దున్నే రండి. స్కూటీ తాళం మాత్రం నెల తర్వాతే ఇస్తాం.