తట్టు టీకా రెండోసారి ఎందుకు?



"తొమ్మిది నెలలు నిండగానే పాపకు తట్టు టీకా వేయించాం కదండీ, మళ్ళీ ఎందుకు?" అని చాలామంది తల్లులు అడుగుతారు. మొదటిదాని బలం తగ్గిపోయిందేమోనని వాళ్ళ అనుమానం. అసలు కారణం అది కాదు.

బిడ్డ పుట్టేటప్పుడే తల్లి దగ్గరనుంచి కొంత రక్షణశక్తి తెచ్చుకుంటుంది. కొందరిలో అది తొమ్మిదో నెలకూ కాస్త మిగిలివుండి, టీకా మందును పనిచెయ్యనివ్వదు. అందుకే ఆ వయసులో వేస్తే నూటికి సుమారు 85 మందిలోనే ఫలిస్తుంది. తక్కిన 15 మందిలో మన పాప ఉందేమో, పైకి చూస్తే తెలుస్తుందా? 16 నుంచి 24 నెలల మధ్య వేసే రెండో టీకా వాళ్ళకోసమే. మొదటిదే ఫలించిన పిల్లలకు దీనివల్ల నష్టమేమీ లేదు.

ఇన్‌ఫ్లుయెంజా సంగతి వేరు. ఆ వైరస్ వేషాలు మారుస్తూ ఉంటుంది కనుక ఆ టీకా ఏటేటా వేయించుకోవాలి.

బొల్లాపల్లిలో పుట్టింట మొదటి టీకా వేయించి, బిడ్డతో గుంటూరు కాపురానికి వచ్చే అమ్మాయిలుంటారు. కార్డు మాత్రం అమ్మమ్మగారి పెట్టెలోనే! వెంటనే తెప్పించుకోండి. గడువు దాటిందని బెంగపడకండి, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టనక్కరలేదు. అయిదేళ్ళలోపు రెండోది వేయిస్తారు.

"మా వాడికి తట్టు వచ్చి పోయిందండీ" అంటారా? ఒంటిమీద ఎర్రగా పేలిన ప్రతి జ్వరమూ తట్టు కాదు. పైగా ఇప్పటి టీకాలో రుబెల్లా మందు కూడా కలిసి ఉంది. వేయించండి. కొద్దిపాటి జలుబు, దగ్గు ఉన్నాయని ఆ రోజు మానుకోకండి.