మేలుకట్టు: దాచుడా? కట్టుడా?

(గోదావరిఖనిలో గని కార్మికులు, విద్యార్థులు, ఉద్యోగుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



మన మాటల గురించి చెప్పమన్నరు. మేం ఒక్క మాటే పట్టుకొని వచ్చినం. మేలుకట్టు. ఇయ్యాల అది మన నోట్ల లేదు, నిఘంటువుల్ల ఉంది.

ఇక్కడ మేలు అంటే మంచి కాదు, పైన అని. తమిళంలో మేల్ అంటే ఇప్పటికీ పైనే. పైన కట్టింది కనుక మేలుకట్టు. మన గూనపెంకల ఇండ్లు యాదికి తెచ్చుకోండి. సందుల నుంచి దుమ్ము, మట్టి, ఒక్కోసారి తేలు కూడా పడేది. మన అమ్మలు పాత చీరను నాలుగు మూలల గుంజి కట్టేటోళ్లు. అదీ మేలుకట్టే. ఉన్నోళ్ల ఇండ్లల్ల దాన్నే చాందినీ అన్నరు. ఉర్దూల చాందినీ అంటే వెన్నెల. తలమీది తెల్లబట్టల వెన్నెలను చూసినోళ్ల మాట అది.

ఇప్పుడు అందరం సీలింగ్ అంటున్నం. ఇంగ్లీషుల సీల్ అని ఒక పాత క్రియ ఉంది. గోడకో కప్పుకో లోపలి దిక్కు చెక్కనో గచ్చునో తొడుగుడు అని అర్థం. దాని పుట్టుక మీద పండితులకు తగువుంది. లాటిన్‌ల చెక్కుడు అనే మాట నుంచి వచ్చిందని కొందరు, దాచుడు అనే మాట నుంచి వచ్చిందని కొందరు. తర్వాత తర్వాత దానికి హద్దు అనే అర్థం వచ్చింది. 1973 భూసంస్కరణల చట్టంతోని 'సీలింగు భూమి' అయి మన ఊర్లల్లకు చేరింది.

దాచుడా, కట్టుడా? బొగ్గుబాయిల ఇది పండితుల తగువు కాదు, పానం మీది సంగతి. ఇంట్ల బట్ట కప్పును దాస్తది. బాయిల కప్పును దాస్తే చావే. బాయి దిగినోళ్లకు ఎరుకే. కడ్డీతోని కప్పును కొట్టి చూస్తరు. ఖంగుమంటే గట్టిది. డొల్లగ పలికితే పైన పొర విడిచినట్టు.

ఎనుకట టింబర్‌మెన్లు కర్రలు నిలబెట్టి కప్పును ఆపేటోళ్లు. తర్వాత రూఫ్ బోల్టులొచ్చినయి. రాయికి రంధ్రం వేసి, సిమెంటో రెజినో పెట్టి, ఇనుపకడ్డీ బిగిస్తరు. కర్ర కింద నిలబడి మోస్తది. బోల్టు పైనున్న పొరలను ఒక్కటిగ కట్టి, వాటి బరువు అవే మోసేటట్టు చేస్తది. మేలుకట్టు అనే పేరుకు ఇంతకన్న తగినది ఏముంది?

ఆ కట్టు నిలువకపోతే ఏమైతదో ఈ నేలకు తెలుసు. 2003 అక్టోబర్‌ల గోదావరిఖని 8ఏ గనిల కప్పు కూలి 10 మంది పోయిండ్రు. 2022 మార్చిల రామగుండం అడ్రియాల గనిల కప్పు కూలి ముగ్గురు పోయిండ్రు. వాళ్లల్ల అధికారులున్నరు, కాంట్రాక్టు కార్మికుడూ ఉన్నడు. కప్పుకు హోదాలు తెల్వయి.

అందుకే విద్యార్థులకు, ఉద్యోగులకు మేం చెప్పేది ఇంతే. ఈ మాటను నిఘంటువు నుంచి బయటికి తీద్దాం. బాయి నుంచి వచ్చిన నాయినను, అన్నను రోజూ ఒక్క ప్రశ్న అడుగుదాం: 'మేలుకట్టు గట్టిగున్నదా?' డొల్ల మోత విన్నోడు నోరు విప్పాలె. విప్పినోని ఎనుక మనమందరం నిలబడాలె. గదే అసలు మేలుకట్టు.