మతిమరుపు వెనుక దిగులు



మన సభల్లో రిజర్వేషన్లు, వక్ఫ్ భూములు, ఉపకార వేతనాల గురించి మాట్లాడుకోవడం అలవాటు. ఇళ్లలో గుసగుసగా తప్ప చెప్పుకోని ఒక విషయాన్ని ఈ రోజు మీ ముందుంచుతున్నాము. అది కుంగుబాటు, దానివల్ల మందగించే ఆలోచనాశక్తి.

కుంగుబాటు అనగానే మనకు కన్నీళ్లే గుర్తుకొస్తాయి. అది ఏకాగ్రతను కూడా దెబ్బతీస్తుంది. మనసు ఒకే బాధ చుట్టూ తిరుగుతుంటే చెవిన పడిన మాట లోపలికి దిగదు. దిగని మాట తరువాత జ్ఞాపకం రాదు. పొయ్యి మీద పాలు పొంగిపోతాయి, రేషన్ కార్డు ఎక్కడ పెట్టారో తెలియదు, చిల్లర లెక్క తప్పుతుంది. ఇంట్లోవారు వయసు మీద పడిందంటారు, పనిలో పెట్టుకున్నవారు సోమరి అంటారు, కొందరు గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు. కుంగుబాటు నయమైతే ఈ మందగింపు చాలామందిలో తగ్గుతుంది. ఏళ్ల తరబడి వదిలేస్తే డిమెన్షియా ముప్పు పెరుగుతుంది. 2024లో లాన్సెట్ కమిషన్ పేర్కొన్న 14 ముప్పు కారకాల్లో కుంగుబాటు, చదువు కొరత రెండూ ఉన్నాయి.

పేదరికం కూడా బుర్రపై భారం మోపుతుంది. తమిళనాడులో చెరకు రైతులను కోతకు ముందొకసారి, పంట డబ్బు చేతికందాక మరొకసారి పరీక్షించారు. ఫలితాలు 2013లో సైన్స్ పత్రికలో వచ్చాయి. కోతకు ముందు, అప్పులతో సతమతమయ్యే రోజుల్లో, అదే రైతులు తక్కువ ప్రతిభ చూపారు. పేదవాడికి తెలివి తక్కువని హేళన చేసేవారికి ఇంతకు మించిన జవాబు మాకు దొరకలేదు.

మరి చికిత్స? నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ సర్వేలో కుంగుబాటు ఉన్నవారిలో దాదాపు 85 శాతం మందికి వైద్యం అందడం లేదని తేలింది. ఆ 12లో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. ఇక హైదరాబాదులో ఎర్రగడ్డ పేరు చెబితే అది ఆసుపత్రి అనే మాటకంటే ముందు తిట్టుగానే వినబడుతుంది. ఆ తిట్టుకు భయపడి ఎందరు గడప దాటలేదో!

వైద్యుడి దగ్గరికి వెళ్లినా మరో చిక్కు ఉంది. బడి మెట్లెక్కని, ఇంట్లో ఉర్దూ తప్ప మాట్లాడని వృద్ధురాలిని తెలుగులో పదాలు చెప్పి తిరిగి చెప్పమంటే, వచ్చే మార్కులు ఆమె జ్ఞాపకశక్తివి కావు. ఉర్దూ తెలంగాణలో రెండవ అధికార భాష. ఆమె భాషలో పరీక్ష అడగడం దయ కోరడం కాదు.

డబ్బు లేని దేశాలు దారి కనుక్కోలేదని కాదు. జింబాబ్వేలోని షోనా భాషలో ఈ బాధకు 'కుఫుంగిసిసా' అనే మాట ఉంది; అతిగా ఆలోచించడమని అర్థం. మన అమ్మమ్మలూ 'ఆలోచనలు ఎక్కువైపోయాయి' అనే అంటారు కదా. మానసిక వైద్యుడు డిక్సన్ చిబాండా 2006లో హరారేలో 14 మంది అవ్వలతో ఒక ప్రయత్నం మొదలుపెట్టారు. అవ్వ క్లినిక్ ఆవరణలోని చెక్కబెంచీ మీద కూర్చుంటుంది, వింటుంది, ఉన్న సమస్యల్లో ఒకదాన్ని ఎంచుకోమంటుంది, దానికి ఒక అడుగు ఆలోచింపజేస్తుంది. 2016లో వెలువడిన పరిశోధన ప్రకారం ఆరు నెలల తరువాత, మామూలు సేవలు పొందినవారిలో సగం మందికి కుంగుబాటు లక్షణాలు మిగలగా, బెంచీ మీద కూర్చున్నవారిలో 14 శాతానికే మిగిలాయి. మన బస్తీల్లో అవ్వలకు కొరత లేదు. శిక్షణ ఇచ్చేవారే కావాలి.

చట్టం మన పక్షాన ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ ప్రభుత్వ సేవలను ప్రతి వ్యక్తి హక్కుగా ప్రకటించింది. మతం, కులం, లింగం, వర్గం చూసి భేదం పాటించరాదన్నది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి, కార్డు ఉన్నా లేకున్నా, చికిత్స ఉచితం. జిల్లా ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆ సెక్షన్ సంఖ్యను కాగితంపై రాసుకొని వెళ్లండి. కార్డు తెమ్మని తిప్పి పంపితే చూపించండి. వెళ్లలేనివారు 14416కు ఫోన్ చేయవచ్చు. అది ఉచితం, రాత్రింబగళ్లు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు.