గుండెదడకు పదిమందీ కలిసి చేసే సాధన



నెల తప్పిందేమోనని వారం రోజులుగా నిద్రపట్టని ఇల్లాలు మన ఊళ్ళో ఒక్కతే కాదు. కాపర్-టి వేయించుకుంటే అది గుండెలోకి పాకుతుందని ఎవరో అంటారు. గర్భసంచికీ గుండెకూ దారే లేదు. అయినా ఆ మాట విన్నది మొదలు దడ, అరచేతుల్లో చెమట, మెడ పట్టేయడం. కలుపు తీస్తున్నా అదే ఆలోచన. ఇది గాలి సోకడం కాదు. భయపడితే ఒళ్ళు బిగుస్తుంది, ఒళ్ళు బిగిసేకొద్దీ భయమూ పెరుగుతుంది.

ఈ బిగువు సడలించడం గురించి అమెరికాలో ఎడ్మండ్ జాకబ్సన్ అనే డాక్టరు 1929లోనే పుస్తకం రాశాడు. కండను కావాలని బిగించి వదలడమే ఆయన పద్ధతి. ఖర్చేమీ లేదు.

మధ్యాహ్నం అంట్లు తోముకున్నాక ఎనిమిది, పదిమంది ఒకచోట చాపలు పరుచుకుని కూర్చోండి. ఒకరు చెబుతుంటే తక్కినవారు చేయాలి. పిడికిళ్ళు బిగించి 5 లెక్కపెట్టండి. వదిలేసి, 15 లెక్కపెట్టేదాకా ఊరుకోండి. తర్వాత భుజాలు చెవులదాకా ఎత్తి వదలండి. ఆపైన మొహం, పొట్ట, తొడలు, పాదాలు. నొప్పి పుట్టేంత బిగించవద్దు. కాన్పుగానీ ఆపరేషన్‌గానీ ఈమధ్యే అయినవారు పొట్ట జోలికి పోవద్దు. ఊపిరి ముక్కుతో పీల్చి, అంతకంటే నిదానంగా వదలాలి. మొదటిరోజు అందరికీ నవ్వొస్తుంది. నవ్వుకోండి, అదీ మంచిదే!

ఇంట్లో ఒక్కతే కళ్ళు మూసుకు కూర్చుంటే అత్తగారు "ఏమొచ్చిందే నీకు?" అంటుంది. ఇక్కడ ఒకామె నోరు విప్పితే, "నాకూ అంతే వదినా" అని ఇంకో ఇద్దరంటారు. కాని చాపమీద విన్న మాట చాప దాటకూడదు.

అన్నలారా, ఆ అరగంటా పిల్లల్ని మీరు చూడండి. ఇంకొక మాట. ఆమె దడకు కారణం మళ్ళీ గర్భం వస్తుందన్న భయమే అయితే, ఊపిరి పీల్చినంత మాత్రాన అది పోదు. నెల తప్పితే ముందు పరీక్ష చేయించండి. నిరోధ్, మాత్రలు, కాపర్-టి, వీటిలో ఏది కావాలో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. ఇక పిల్లలు చాలనుకుంటే ప్రతిసారీ ఆడదాని వంతేనా? మగవారి ఆపరేషన్ కొద్ది నిమిషాల పని, కోత, కుట్లు లేకుండానే చేస్తున్నారు. కాకపోతే మూడు నెలల తర్వాత పరీక్షలో వీర్యకణాలు లేవని తేలేదాకా నిరోధ్ వాడాలి.

రెండు వారాలైనా నిద్ర, తిండి సరిగా లేకపోతే డాక్టరు దగ్గరికి తీసుకురండి. చచ్చిపోవాలనిపిస్తే మాత్రం ఒక్క పూట కూడా ఆగవద్దు. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ ఉచితంగా తెలుగులోనే మాట్లాడతారు. ఫోను మీ చేతిలో ఉండదంటారా? నర్సమ్మనో ఆశా అక్కనో అడగండి, కలిపి ఇస్తుంది.