విద్యుత్ గిటారుకు తగిన పెట్టె

1874 నుండి రైళ్ళు వచ్చిపోవుచున్న మన సికింద్రాబాదులో, విశేషించి లాలాగూడ, మెట్టుగూడల రైల్వే కుటుంబములలో, గిటారు వాదనము చిరపరిచితము. వాద్యమును భుజమున తగిలించుకొని రైలెక్కు యువకులు పలువురు గుడ్డసంచి చాలునని భావింతురు. చాలదని నా నిశ్చితాభిప్రాయము.

పెట్టె కొనుటకు పూర్వము గిటారు నిర్మాణమును ఎరుగవలెను. 1954లో ఫెండర్ సంస్థ వెలువరించిన స్ట్రాటోకాస్టరునకు మెడ మరలతో బిగింపబడి, తల మెడతో దాదాపు సమతలముగా నుండును. 1952 నాటి గిబ్సన్ లెస్ పాల్‌నకు మెడ జిగురుతో అతుకబడి, తల వెనుకకు వాలియుండును గనుక, పెట్టె వెల్లకిల పడినచో తలయు మెడయు కలియు చోటనే, లోపలి ఇనుపకడ్డీ కొరకు తొలిచినందున మొదటనే పలుచనైన కొయ్య, చిట్లును. కావున తల పెట్టె అడుగును తాకరాదు. మెడ మెత్తని పీఠముపై ఆనవలెను. గిటారును పెట్టెలో ఉంచి, మూతవేసి, చెవి యొగ్గి మెల్లగా కదల్పుడు. లోపల కదలిక వినవచ్చినచో ఆ పెట్టె, ఎంత అందమైనదైనను, పనికిరాదు.

ప్లైవుడ్ పెట్టె బరువైనను దెబ్బకు నిలుచును. ఏబీఎస్ ప్లాస్టిక్కుది తేలికయైనది, తడికి జంకదు. వానకాలమున లోపల సిలికా జెల్ పొట్లము నుంచుడు. వేసవిలో, ఎంతటి పెట్టెలోనున్నను, గిటారును మూసిన కారులో విడువకుడు. ఆ వేడికి జిగురు సడలును.

దుకాణమునకు పోవునపుడు కొలతలు వ్రాసిన కాగితమును గాక, గిటారునే వెంటగొనిపొండు.