గోడమీది లెక్క
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



లెక్కలు వ్రాయుట నా వృత్తి. పురాణములు చదువుట నా వ్యసనము. ఆ రెండును కలిసిన చోటొకటి వ్యాసభారత సభాపర్వమున కలదు. నీ గణకులును లేఖకులును దినదినము ఉదయమున ఆయవ్యయములను నీకు తెలుపుచున్నారా యని నారదుడు ధర్మరాజు నడుగును. నాడు రాజొక్కడు, చెవిలో చెప్పిన చాలును. నేడు ప్రజలే రాజులు. ఇందరికి తెలుపవలెనన్న గోడయే దిక్కు.

ఈ సంగతి నాకు అవమానము నేర్పినది. గ్రంథాలయమునకు గది కట్టునాడు చందాల లెక్క నాయొద్ద నుండెను. నిజాయితీగనే వ్రాసి, పెట్టెలో పెట్టి తాళము వేసితిని. మేస్త్రి ఇటుకలకై, ఇటుకలవాడు సొమ్ముకై, నేను రసీదుకై కాచుకొని యుండగా పని నెలదినములు నిలిచెను. సొమ్ము నేనే తినితినని రచ్చబండకడ గుసగుసలు పుట్టెను. నాకు నిద్రపట్టలేదు. దాచిన మంచిలెక్కకును దాచిన దొంగలెక్కకును చూచువానికి భేదమేమి?

మరునాడు గోడకు నల్లరంగు పూయించి సుద్దతో వ్రాసితిని: వచ్చినది, ఖర్చయినది, మిగిలినది. ప్రక్కనే జరిగిన పని, జరుగుచున్న పని, ఆగిన పని, ఎవరికొరకు ఆగినది. ‘ఆగిన పని’ క్రింద మొదటిపేరు నాదే! మూడవనాడు ఒక బడిపిల్లవాడు సున్నపు పద్దు రెండుమారులు పడినదని చూపెను. సిగ్గుపడి, పాత అంకె కనబడునట్లే కొట్టివేసి దిద్దితిని. ఆ దిద్దుబాటుతోనే ఊరు నన్ను నమ్మెను, పనియు సాగెను.

ఇది మన యూరి వింత కాదు. 2005 నాటి సమాచారహక్కు చట్టము 4వ సెక్షను, అడుగకమునుపే వివరములు వెల్లడింపవలెనని చెప్పి, నోటీసుబోర్డును గూడ సాధనముగ పేర్కొన్నది. ఆ సంవత్సరపు ఉపాధిహామీ చట్టము 17వ సెక్షను సామాజిక తనిఖీని గ్రామసభ కప్పగించినది. 2006లో ఆ పథకము మొదలైన జిల్లాలలో మన విజయనగరము నొకటి. కూలీల పేర్లును పనిదినములును అందరియెదుట చదివినప్పుడు, “ఆనాడు నేను పనికి పోలేదే!” యనగలవాడు ఆ కూలియే కాని పట్టణపు ఆడిటరు కాడు.

అయితే గోడ యుండిన చాలదు. అక్షరములు పెద్దవిగ నుండవలెను, తేదీ యుండవలెను, చదువురానివారికి వారమున కొకమారు చదివి వినిపింపవలెను.

మన బొబ్బిలి వీణకు ఇరువదినాలుగు మెట్లును కన్నులయెదుటనే యుండును. అపస్వరము పలికిన, ఏ మెట్టుకడనో వెంటనే తెలియును. ఊరిపనియు నట్లే యుండవలెను.

ఈ ఉత్సవపు ఖర్చు వాకిటి గోడమీద నున్నది. పోవునప్పుడు చూడుడు, తప్పున్న చెప్పుడు. సెలవు.